ముట్లుడిగే వయసులో నాలుక చివర ఆగిపోయే మాట

మతిమరుపు అన్న ఒక్క మాటలో తెలుగువాళ్లం కనీసం మూడు వేర్వేరు సంగతులను కలిపేస్తాం. చెప్పింది చెవిన పడినా మనసున పడకపోవడం ఒకటి. దానికి పరధ్యానం అన్న మంచి మాట మనకు ఉంది. బాగా తెలిసిన పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవడం రెండోది. ఒకప్పుడు తెలిసినది మనసులోంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోవడం మూడోది. నలభై ఐదేళ్లు దాటిన స్త్రీ "ఈ మధ్య నాకు మతిమరుపు ఎక్కువైంది" అన్నప్పుడు ఆమె చెబుతున్నది చాలావరకు మొదటి రెండింటి గురించే. ఆమెకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని భయం మాత్రం మూడోదాని గురించి.

హైదరాబాదులో ఒక ఉన్నత పాఠశాలలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న 47 ఏళ్ల ఉపాధ్యాయురాలిని ఊహించుకుందాం. బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీసి, పెద్ద భుజం మీద వేలు పెట్టి, "ఇది..." అని ఆగిపోతుంది. దాని పొడవు ఎలా కట్టాలో తెలుసు, దాని వర్గం ఎంతో తెలుసు, "కర్ణం" అన్న మాట మాత్రం రాదు. సాయంత్రం మెట్రోలో దిగాల్సిన స్టేషన్ దాటాక గాని ఉలిక్కిపడదు. ఇంటికి వచ్చాక ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీసిందో తెలియక నిలబడుతుంది. "అమ్మా, పొద్దున్నే చెప్పాను కదా!" అని కూతురు విసుక్కుంటుంది. వయసు మీద పడుతోందంటుంది అత్తగారు. టెన్షన్ తగ్గించుకోమంటాడు వీధి చివరి డాక్టరు. రాత్రి ఫోనులో వెతికితే అల్జైమర్స్ అన్న మాట ఎదురవుతుంది. ఈ ముగ్గురిలో ఎవరూ, ఆ ఫోను కూడా, ఆమెను అడగని ప్రశ్న ఒకటి ఉంది: నెలసరి సక్రమంగా వస్తోందా?

రుతువిరతి, వాడుకలో ముట్లుడగడం, అంటే వరుసగా 12 నెలలు నెలసరి రాకపోవడం అని వైద్యశాస్త్రం నిర్వచిస్తుంది. అంటే అది జరిగిన రోజున తెలిసే విషయం కాదు, ఏడాది గడిచాక వెనక్కి తిరిగి చూసి చెప్పే విషయం. పాశ్చాత్య దేశాల్లో దాని సగటు వయసు 51 ఏళ్లు కాగా భారతీయ స్త్రీలలో 46, 47 ఏళ్లకే వస్తుంది. అయితే జ్ఞాపకశక్తికి సంబంధించిన కథ ఎక్కువగా నడిచేది ఆ తేదీకి ముందున్న కొన్నేళ్లలో. ఆ సంధి దశలో అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక నెల మామూలుకన్నా ఎక్కువగా ఎగిసి, మరో నెల పాతాళానికి పడి, ఎటూ కుదురుకోకుండా ఊగిసలాడుతుంది. ఒక రోజు రక్తపరీక్షలో అంతా బాగానే ఉందని రావడం, ఆ కాగితం చూసి "మీకేమీ లేదమ్మా" అని పంపించేయడం తరచూ జరిగేది ఇందుకే.

కొలిచి చూస్తే తేలింది

ఈ విషయంలో మనకు తెలిసినదానిలో పెద్ద భాగం అమెరికాలో 1996లో మొదలైన స్వాన్ అనే దీర్ఘకాల అధ్యయనం నుంచి వచ్చింది. ఏడు కేంద్రాలలో 3,302 మంది స్త్రీలను చేర్చుకుని, ఏటేటా వాళ్ల ఆరోగ్యాన్ని కొలుస్తూ వచ్చారు. వాళ్లలో తెల్లవారు, నల్లవారు, లాటిన్ అమెరికా మూలాలవారు, చైనా, జపాన్ మూలాలవారు ఉన్నారు. భారతీయ మూలాలవారిని ఒక వర్గంగా తీసుకోలేదు. కాబట్టి ఆ అంకెలను మన ఇళ్లకు యథాతథంగా అన్వయించుకోకూడదన్న సంగతిని మనసులో ఉంచుకునే ముందుకు సాగాలి.

ఆ అధ్యయనంలో 2,362 మందిని నాలుగేళ్లపాటు పరీక్షించిన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. వాటిని అర్థం చేసుకోవాలంటే ముందు ఒక చిన్న సంగతి తెలియాలి. ఒకే తరహా పరీక్షను ఏటా రాసే మనిషికి అలవాటు వల్ల కొంత మెరుగు వస్తుంది. నిరుడు విన్న కథే మళ్లీ వింటే ఈసారి ఇంకొన్ని వివరాలు గుర్తుంటాయి. నెలసరి సక్రమంగా ఉన్న స్త్రీలలో ఈ మెరుగు కనిపించింది. సంధి దశలో ఉన్నవారిలో, ముఖ్యంగా ఆ దశ చివరికి వచ్చినవారిలో, మనసు పనిచేసే వేగంలోనూ, విన్న మాటలను గుర్తుంచుకోవడంలోనూ అది కనిపించలేదు. ముట్లుడిగిన తర్వాత మళ్లీ కనిపించింది.

దీన్ని పత్రికలు చాలాసార్లు "మెనోపాజ్‌తో జ్ఞాపకశక్తి క్షీణిస్తుంది" అని రాశాయి. అది సరికాదు. ఆ స్త్రీలు ఉన్న మెట్టు నుంచి కిందికి జారలేదు. తర్వాతి మెట్టు ఎక్కాల్సిన సమయంలో కాసేపు ఉన్నచోటే నిలబడ్డారు, ఆ తర్వాత మళ్లీ ఎక్కారు. పైగా ఈ దశలోని సగటు స్త్రీ మార్కులు ఆ వయసుకు మామూలుగా ఉండవలసిన పరిధిలోనే ఉంటాయి. ఇక్కడే ఒక అన్యాయం కూడా జరుగుతుంది. మార్కులు మామూలుగా ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు అబద్ధమని తేల్చేస్తారు. వందకు తొంభై తెచ్చుకోవలసిన మనిషి డెబ్బై ఐదు దగ్గరే ఆగిపోతే పరీక్ష పెట్టినవాడి దృష్టిలో ఆమె పాసైంది; ఆమె లెక్కలో పదిహేను పోయాయి. లెక్కల పంతులమ్మకు ఈ తేడా ఇంకెవరూ వివరించనక్కరలేదు.

మెదడులో ఏం జరుగుతోంది

ఈస్ట్రోజెన్‌ను పునరుత్పత్తికి సంబంధించిన హార్మోనుగానే మనకు బడిలో చెప్పారు. కొత్త జ్ఞాపకాలను పోగుచేసే హిప్పోకాంపస్‌లోనూ, నుదుటి వెనుక ఉండి ఏకాగ్రతను, పనుల క్రమాన్ని నడిపించే భాగంలోనూ ఆ హార్మోనును అందుకునే గ్రాహకాలు దండిగా ఉన్నాయి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌ఈవెన్ బృందం 1990 ప్రాంతంలో ఆడ ఎలుకల మీద చేసిన పరిశీలనలు అప్పట్లో చాలామందికి నమ్మశక్యంగా కనిపించలేదు. ఎలుకల రుతుచక్రం నాలుగైదు రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే హిప్పోకాంపస్ నాడీకణాల కొమ్మల మీద ఉండే ముళ్లలాంటి అతి చిన్న బొడిపెలు, ఒక కణం మరో కణంతో మాట కలిపే చోట్లు, ఈస్ట్రోజెన్ పెరిగినప్పుడు దట్టమై, తగ్గినప్పుడు సుమారు 30 శాతం పలచబడుతున్నాయని వాళ్లు చూపించారు. ఎదిగిన మెదడు గోడలా స్థిరంగా ఉంటుందన్న నమ్మకం అక్కడ బీటలు వారింది. ఎలుక ఎలుకే, మనిషి మనిషే. అయినా కొన్నేళ్లపాటు హార్మోను ఊగిసలాడితే మెదడు తనను తాను సర్దుకోవలసి వస్తుందనడం ఇప్పుడు విడ్డూరంగా అనిపించదు.

అయితే హార్మోను ఒక్కటే దోషి అని ముగించలేం. ముట్లుడిగే దశలో వచ్చే వేడి ఆవిర్లు, అంటే ఉన్నట్టుండి ఛాతీ నుంచి మెడమీదుగా ముఖానికి ఎగబాకే వేడి, వెంటనే పట్టే చెమట, పుట్టేది చర్మంలో కాదు, మెదడులో శరీర ఉష్ణోగ్రతను అదుపు చేసే హైపోథాలమస్‌లో. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు అక్కడి కొన్ని నాడీకణాలు అతిగా చురుకై, లేని ఎండను ఉన్నట్టుగా శరీరానికి చెబుతాయి. స్వాన్ అధ్యయనంలో తరచుగా ఆవిర్లు వచ్చిన స్త్రీలకు అవి మొత్తం మీద కొనసాగిన కాలం మధ్యస్థంగా 7.4 ఏళ్లు. చికాగోలో పాలిన్ మాకీ బృందం స్త్రీల చర్మానికి చెమటను గుర్తించే పరికరాన్ని అమర్చి లెక్కించినప్పుడు ఆసక్తికరమైన విషయం బయటపడింది. ఎన్ని ఆవిర్లు వచ్చాయని స్త్రీలు స్వయంగా రాసుకున్న లెక్కకు జ్ఞాపక పరీక్ష మార్కులకు పొంతన కుదరలేదు. పరికరం నమోదు చేసిన లెక్కకు కుదిరింది. ఆవిర్లు ఎక్కువైనకొద్దీ విన్న కథను కాసేపటి తర్వాత తిరిగి చెప్పడం తగ్గింది. అంటే తనకు తెలియకుండా వచ్చి పోయిన వేడి కూడా మాటల జ్ఞాపకాన్ని తాకుతోంది.

మే నెలలో హైదరాబాదులో ఈ సంగతి ఇంకా మరుగున పడుతుంది. రాత్రి రెండింటికి దిండు తడిసి మెలకువ వస్తే ఎవరైనా ఎండలనే అంటారు గాని మరొకటి అనుకోరు. ఫ్యాను కింద పక్కన పడుకున్న మనిషికి పట్టని చెమట తనకే ఎందుకు పట్టిందన్నది తేడా తెలిపే ప్రశ్న. అలా ముక్కలైన నిద్రకు ఖరీదు పొద్దున కట్టాల్సి వస్తుంది, ఎందుకంటే పగలు పోగుచేసిన జ్ఞాపకాలను మెదడు సర్ది దాచుకునే పని చాలావరకు గాఢనిద్రలోనే జరుగుతుంది. మరి ఆవిర్లు, నిద్రలేమి, దిగులు, ఆందోళన అన్నీ కలిపితే మొత్తం లెక్క సరిపోతుందా అంటే, సరిపోదు. స్వాన్ పరిశోధకులు 2010లో వాటన్నిటినీ లెక్కలోకి తీసుకుని చూశాక కూడా సంధి దశలో పరీక్షల్లో రావలసిన ఆ మెరుగు నిలిచిపోవడం అలాగే మిగిలింది. హార్మోను పాత్ర కొంత, దాని చుట్టూ చేరిన బాధల పాత్ర కొంత, రెండూ ఉన్నాయన్న మాట.

ఇంటి బరువు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఈ వయసు స్త్రీ తలలో పిల్లల ఇంటర్ ఫీజు గడువు, అత్తగారి షుగరు మాత్రలు, గ్యాస్ బుకింగు, ఆఫీసులో ఆగిన ఫైలు ఒకేసారి తిరుగుతుంటాయి. వాటిలో ఒకటి జారితే ఆమె జ్ఞాపకశక్తిని తప్పుపట్టే ఇంట్లో, మిగతావాళ్లు ఎన్ని గుర్తుపెట్టుకుంటున్నారన్న లెక్క ఎవరూ తీయరు.

హార్మోను మాత్రలతో పడిన పేచీ

ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల ఇబ్బంది వస్తే ఈస్ట్రోజెన్ ఇస్తే సరిపోదా అన్నది సహజమైన ప్రశ్న. గత శతాబ్దం చివర్లో వైద్యులు కూడా అలాగే అనుకున్నారు. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి అమెరికాలో చేసిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధనలో ఈస్ట్రోజెన్‌ను, దానికి తోడుగా ఇచ్చే ప్రొజెస్టిన్ అనే మరో హార్మోనును కలిపి ఇచ్చిన భాగాన్ని, రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బులు పెరగడం గమనించి 2002 జులైలో అర్ధాంతరంగా ఆపేశారు. మరుసటి ఏడాది దాని జ్ఞాపకశక్తి విభాగం ఫలితాలు ఇంకో పిడుగు వేశాయి. 4,532 మంది స్త్రీలలో మాత్రలు వేసుకున్నవారికి డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు, రేటు ఏటా పది వేల మందికి 45, వేసుకోనివారికి 22. "రెట్టింపు" అన్న మాట ప్రపంచమంతా పాకింది. మన దగ్గర కూడా హార్మోను మాత్ర అనగానే భయపడే అలవాటుకు మూలం చాలావరకు ఆ ఏడాదే.

ఆ అంకె తప్పు కాదు. దాన్ని చదివిన తీరు తప్పు. ఆ విభాగంలో చేరినవారందరూ 65 ఏళ్లు దాటినవారు. ముట్లుడిగి పది, పదిహేనేళ్లు గడిచాక, మెదడు ఆ లేమికి అలవాటు పడ్డాక, గర్భిణి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్‌ను ఒక కృత్రిమ ప్రొజెస్టిన్‌తో కలిపి వాళ్లకు ఇచ్చారు. 48 ఏళ్ల స్త్రీ ఆవిర్లు తట్టుకోలేక అడిగే ప్రశ్నకు ఆ పరిశోధన జవాబు కాదు. దాంతో మందు ఇచ్చే వేళను బట్టి ఫలితం మారుతుందేమోనన్న ఊహ బలపడింది: తొలి ఏళ్లలోనే మొదలుపెడితే మేలు చేస్తుందని, ఆలస్యమైతే కీడు చేస్తుందని. వినడానికి బాగుంది. అయితే ముట్లుడిగిన మూడేళ్లలోపు స్త్రీలకు నాలుగేళ్లపాటు ఈస్ట్రోజెన్ ఇచ్చిన కీప్స్ పరిశోధన 2015లో చెప్పిందేమిటంటే జ్ఞాపకశక్తికి కీడూ లేదు, మేలూ లేదు. అదే స్త్రీలను దాదాపు పదేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2024లో ప్రకటించినప్పుడూ అదే మాట.

ఈ దశలోని స్త్రీల ఆరోగ్యాన్ని చూసే వైద్యసంఘాలు ప్రస్తుతం పాటిస్తున్న వైఖరి నాకు సమంజసంగానే కనిపిస్తుంది. అరవై ఏళ్లలోపు, ముట్లుడిగి పదేళ్లు దాటని స్త్రీకి ఆవిర్లు తీవ్రంగా ఉంటే, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటి అడ్డంకులు లేకుంటే, హార్మోను చికిత్స వాటికి అన్నిటికన్నా బాగా పనిచేసే మందు. రాత్రి నిద్ర నిలిస్తే పగటి మతి కూడా కొంత తేరుకోవచ్చు. కేవలం జ్ఞాపకశక్తి కోసమో, డిమెన్షియా రాకుండా చూసుకోవడానికో మాత్రం దాన్ని వాడమని చెప్పడం లేదు. హార్మోను పడనివారికి ఆవిర్లను మెదడులో పుట్టేచోటే అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023 మేలో అనుమతి ఇచ్చింది.

గర్భసంచి తీసేయించుకున్నవారి సంగతి

ఇంతవరకు చెప్పినదంతా సహజంగా ముట్లుడిగినవారి గురించి. తెలుగు నేల మీద ఈ వ్యాసం రాస్తూ అంతటితో ఆగితే ఎంతోమందిని వదిలేసినట్టే అనిపిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అవుతోందనో, కడుపునొప్పి అనో, "ఎలాగూ పిల్లలు పుట్టేశారు కదా, ఉంటే క్యాన్సర్ వస్తుంది" అన్న బెదిరింపుతోనో ముప్పైల్లోనే ఆపరేషన్ చేయించుకున్న అక్కచెల్లెళ్లు, వదినలు, పిన్నులు లేని కుటుంబం మన పల్లెల్లో అరుదు. వాళ్లలో చాలామంది తర్వాత నగరానికి వచ్చి స్థిరపడ్డారు.

గర్భసంచి తీయడం వేరు, అండాశయాలు తీయడం వేరు. గర్భసంచిని మాత్రమే తీస్తే నెలసరి ఆగుతుంది గాని హార్మోను ఆగదు. అయితే ఆ అండాశయాలు కొంత ముందుగానే అలసిపోయే అవకాశం ఉంది, అప్పుడు ఆ సంగతి తెలియజేయడానికి నెలసరి అనే గంట మోగదు. ఆపరేషన్‌తోనే అంతా అయిపోయిందనుకున్న స్త్రీకి 44 ఏళ్లకు ఆవిర్లు, మాటల తడబాటు మొదలైతే దాన్ని దేనికి ముడిపెట్టాలో ఆమెకూ తెలియదు, ఇంట్లోవారికీ తెలియదు. రెండు అండాశయాలూ తీసేస్తే పరిస్థితి పూర్తిగా వేరు. ఏళ్ల తరబడి జరగాల్సిన మార్పు ఒక్క మధ్యాహ్నంలో జరిగిపోతుంది. మాంట్రియల్‌లో బార్బరా షెర్విన్ 1988లో చేసిన పరిశోధనలో ఇలా ఆపరేషన్ అయిన స్త్రీలలో హార్మోను అందనివారికి జ్ఞాపక పరీక్షలో మార్కులు తగ్గాయి, అందినవారికి నిలిచాయి. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2007లో ఇంకా దూరం చూశారు: సహజంగా ముట్లుడగక ముందే అండాశయాలు తీసేసినవారికి పెద్దవయసులో మతి క్షీణించే ముప్పు పెరిగింది, ఆపరేషన్ ఎంత చిన్నవయసులో జరిగితే అంత ఎక్కువగా; 50 ఏళ్లదాకా ఈస్ట్రోజెన్ తీసుకున్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. అందుకే, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, 45 ఏళ్లలోపు ఇలా అండాశయాలు పోగొట్టుకున్నవారికి సహజంగా ముట్లుడిగే వయసుదాకా హార్మోను ఇవ్వాలన్నది వైద్యసంఘాల సలహా. హార్మోను అంటేనే భయపడే మన అలవాటు అత్యధికంగా నష్టపరుస్తున్నది వీళ్లనే అని నా అభిప్రాయం.

ఏ ఆపరేషన్ జరిగిందో చాలామందికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. పాత డిశ్చార్జి కాగితం బీరువాలో దొరికితే అందులో "టీఏహెచ్" అని మాత్రమే ఉంటే తీసింది గర్భసంచినే. పక్కన "బీఎస్ఓ" అని కూడా ఉంటే రెండు అండాశయాలూ పోయాయి. ఆ మూడక్షరాలు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు చూసుకోదగ్గవి.

మెనోపాజ్ మీద నెట్టేయకూడనివి

ఈ వయసులో కనిపించే ప్రతి మతిమరుపునూ హార్మోను ఖాతాలో వేయడమూ ప్రమాదమే. థైరాయిడ్ మందగిస్తే మనసు కూడా మందగిస్తుంది. హైదరాబాదుతో సహా ఎనిమిది భారతీయ నగరాల్లో జరిపి 2013లో ప్రకటించిన అధ్యయనంలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం కనిపించింది, ఆడవారిలో ఇంకా ఎక్కువగా. శాకాహారులకు, షుగరు కోసం ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారికి బీ12 విటమిన్ తగ్గుతుంది. సంధి దశలో నెలసరి తప్పిపోవడమే కాదు, కొందరికి రోజుల తరబడి విపరీతంగా అవుతుంది. దాంతో రక్తం తగ్గి, తల తేలిపోతున్నట్టు, ఏదీ మనసుకు పట్టనట్టు ఉంటుంది. ఇవి మూడూ మామూలు రక్తపరీక్షతో తెలిసేవి, చికిత్స చవకైనవి. జలుబుకు వేసుకునే కొన్ని పాతకాలపు మాత్రలు, నిద్ర కోసం మొదలై అలవాటైపోయిన ఆల్‌ప్రజోలాం కూడా జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి. గురక పెట్టి ఉలిక్కిపడి లేచే వ్యాధి మగవారికే వస్తుందన్న అపోహ వల్ల ఆడవారిలో దాన్ని ఎవరూ వెతకరు.

డిమెన్షియా మొదలైనప్పుడు తీరు వేరుగా ఉంటుంది. నలభైల్లో, యాభైల్లో అది అరుదు. ముట్లుడిగే దశలోని స్త్రీ తన మరపు గురించి తానే ఫిర్యాదు చేస్తుంది, మర్చిపోయిన మాట గంటకో, స్నానం చేస్తున్నప్పుడో తిరిగి వస్తుంది. డిమెన్షియాలో ఫిర్యాదు చాలాసార్లు ఇంట్లోవారిది. అడిగిన ప్రశ్నే పది నిమిషాలకు మళ్లీ అడగడం, ముప్పై ఏళ్లు తిరిగిన వీధిలో దారి తప్పడం, చేతికి అలవాటైన పులుసుకు ఏది ముందు ఏది తర్వాత వేయాలో తెలియకపోవడం దాని లక్షణాలు. తాళంచెవి ఎక్కడ పెట్టానో మర్చిపోవడం అందరికీ జరిగేదే. తాళంచెవి చేతిలో పెట్టుకుని దీన్నేం చేస్తారని అడిగితే మాత్రం ఆలస్యం చేయకూడదు.

అనుమానం తీరకపోతే నాడీవైద్య నిపుణుల దగ్గర పద్ధతి ప్రకారం జ్ఞాపక పరీక్ష చేయించుకోవచ్చు. ఈ విషయంలో మన నగరానికి ఒక చరిత్ర ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో సువర్ణా అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి ఒకే భాష మాట్లాడేవారికన్నా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా ఆ జబ్బు లక్షణాలు మొదలయ్యాయని 2013లో ప్రకటించింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ కలిసిన హైదరాబాదీ హిందీ మాట్లాడే మన అలవాటును తక్కువగా చూడనక్కరలేదన్న మాట, అది ముట్లుడిగే దశ తడబాటుకు మందు కాకపోయినా.

పరీక్ష ఏ భాషలో పెడుతున్నారన్నది మాత్రం నేరుగా ముఖ్యం. విదేశాల్లో తయారైన ప్రశ్నపత్రాన్ని హడావిడిగా తెలుగులోకి మార్చి అడిగితే, ఏడో తరగతితో చదువు ఆపిన గృహిణికి తగ్గే మార్కులు ఆమె జ్ఞాపకాన్ని కాదు, ఆమె చదువును కొలుస్తాయి. అందుకే భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో, చదువు స్థాయిని లెక్కలోకి తీసుకుంటూ ప్రత్యేకంగా పరీక్షలు తయారు చేయించింది. అడిగి మరీ ఆ పరీక్ష తెలుగులో చేయించుకోవాలి. ఒక్కసారి వచ్చిన మార్కులను చూసి ఊరట చెందడమో, బెంబేలు పడటమో కాకుండా, ఆ కాగితాన్ని దాచుకుని ఏడాది తర్వాత అదే పరీక్ష మళ్లీ రాయాలి. మార్కులు అక్కడే ఆగి ఉంటే అది సంధి దశలో కనిపించేదే. స్పష్టంగా కిందికి జారి ఉంటే వెతకవలసిన కారణం మరొకటి ఉంది.